లోకహిత కళయు, కారక విచారమును

కళకు ప్రయోజనము కలదా, లేదా? కలదేని యది రసాస్వాదమునకు లోపలిదా, వెలుపలిదా? ఈ ప్రశ్న ఆలంకారికులకు క్రొత్తది కాదు. కాని యీ కాలమున నది గ్రంథములను విడిచి వీథిలోనికి వచ్చినది. గోడలపై చిత్రములు వ్రాయువారును, కూడలులలో నాటకములాడువారును, బస్తీలలో పాటలు కట్టి పాడువారును తమ పనిని ‘సామాజిక కళ’ యనియు ‘ప్రజాకళ’ యనియు వ్యవహరించుచున్నారు. ఆ మాటకు అర్థమేమి? ఆ వస్తువునకు లక్షణమేమి? దానివలె కనబడు ఇతర వస్తువులనుండి దానిని వేరుపరచుట యెట్లు? ఈ మూడు విషయములను యథాశక్తి వివరింపబూనితిని. ఉదాహరణములను హైదరాబాదునకు పడమట వెలసిన హైటెక్ సిటీ ప్రాంతమునుండియు, మన తెలుగునాటి చరిత్రమునుండియు గ్రహించితిని.

ఈ విచారమునకు హేతువైన చిన్న సంగతి యొకటి మొదట చెప్పెదను. నేను పాఠము చెప్పు బాలురలో కొందరు కట్టడపు పనులకై పాలమూరు ప్రాంతమునుండి వలస వచ్చిన కుటుంబములవారు. ‘మన ప్రాంతపు వింత’ అను విషయముపై వ్యాసము వ్రాయుడని వారికి చెప్పితిని. చాలమంది అద్దాల మేడలను వర్ణించిరి. ఒక బాలుడు మాత్రము, ‘ఈ మేడను మా నాయన కట్టినాడు. ఇప్పుడు లోపలికి పోనీయరు’ అని రెండు వాక్యములు వ్రాసి యూరకుండెను. వయ్యాకరణుని అలవాటు చొప్పున నేను మొదట చూచినది వాక్యనిర్మాణమును. మొదటి వాక్యమున ‘నాయన’ కర్త. రెండవ వాక్యమున ఆ నాయనయే కర్మ కావలసినవాడు. ఆ పదము లోపించినది. పోనీయని వారెవరో యదియును చెప్పబడలేదు. ఎఱ్ఱ సిరాతో దిద్దబోయి ఆగితిని. ఒకప్పుడు కర్తయైనవాడు తరువాతి వాక్యమున మాటయైన లేకుండ పోయిన తీరు ఆ ప్రాంతపు చరిత్రమువలెనే తోచినది. లోకహిత కళను కారకములనుబట్టి పరీక్షింపవచ్చునను ఆలోచన నాకు అప్పుడు కలిగినది.

పదార్థ విచారము

ధాతుపాఠమున ‘కల’ ధాతువు శబ్దార్థమునను సంఖ్యానార్థమునను పఠింపబడినది. సంఖ్యానమనగా లెక్కించుట. వ్యుత్పత్తి యొక్కటియే సిద్ధాంతమునకు ఆధారము కాజాలదు గాని, జ్ఞాపకముంచుకొనుటకు పనికివచ్చును. కళ యొకవైపున శబ్దము, అనగా పలుకుట. మఱియొకవైపున సంఖ్యానము, అనగా లెక్కలోనికి తీసికొనుట. సామాజిక కళను గూర్చిన వివాదమంతయు ఈ రెండర్థముల నడుమనే యున్నది: ఎవరు పలుకుచున్నారు, ఎవరు లెక్కలోనికి వచ్చుచున్నారు?

స్థలనామములను గూడ ఇట్లే చూడవచ్చును. ‘హైటెక్ సిటీ’ యనునది హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ సిటీ యను దీర్ఘనామమునకు సంక్షేపము. అందలి తొలి మహాహర్మ్యమైన సైబర్ టవర్సును 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించెను. తరువాత మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము మొదలగు గ్రామములు ఒకదానితో నొకటి కలిసి ‘సైబరాబాదు’ అయినవి. ‘ఆబాద్’ పారసీక పదము. జనులతో నిండి వర్ధిల్లునదియని దాని యర్థము. పేరులోనే జనులున్నారు గనుక, ఆ జనులెవరని యడుగుట అసంగతము కాదు. యంత్రగణకములముందు కూర్చుండువారు జనులే. ఆ భవనములకు కాపలా కాయువారును, వంటలు చేయువారును, ఇటుకలు మోయువారును, ఆ నేలపై అంతకుముందు దున్నుకొనినవారును జనులే.

పూర్వపక్షము

ఇచ్చట పూర్వపక్షులు ఇట్లందురు: కళకు రసమే పరమావధి. ఉపదేశమును దానిపై మోపినచో, పాలలో మందు కలిపినట్లు, పాలు రుచి చెడును, మందు గుణము తగ్గును. కావున సమాజమును సంస్కరింపగోరువారు ఉపన్యాసములు చేయుదురు గాక, కళను దాని మానమున విడిచిపెట్టవలెను.

ఈ వాదమున సత్యాంశము లేకపోలేదు. నేనును చిరకాలము ఈ పక్షముననే యుంటిని. కాని మన శాస్త్రము దీనిని సంపూర్ణముగ సమర్థింపదు. దుఃఖార్తులకును, శ్రమార్తులకును, శోకార్తులకును విశ్రాంతి కలిగించునదిగా భరతుడు నాట్యమును నిర్వచించినాడు. శ్రమార్తుడనగా పనిచేసి యలసినవాడు. అతడు ప్రేక్షకులలో మొదటి వరుసవాడు. మమ్మటుడు కావ్యప్రయోజనములు ఆరింటిని చెప్పుచు, కీర్తి ధనములతోపాటు లోకవ్యవహార జ్ఞానమును, అమంగళ నివారణమును గూడ చేర్చినాడు. దశరూపకములలో ‘వీథి’ యని యొక రూపకమే కలదు. శాస్త్రోక్తమైన వీథికిని నేటి వీథినాటకమునకును లక్షణభేదము చాల కలదు. ఐనను మన వీథిభాగవతులు శతాబ్దములుగా వీథినే రంగస్థలము చేసికొనిరి. కావున ప్రయోజనము కళకు బయటిదని చెప్పుటకు వీలులేదు.

మఱి పాలలో మందు అను ఆక్షేపమునకు సమాధానమేమి? ఉపదేశము మూడు తెఱగులని ఆలంకారికులు చెప్పుదురు: ప్రభువువలె ఆజ్ఞాపించునది, మిత్రునివలె బోధించునది, కాంతవలె హృదయమును కరగించి యొప్పించునది. పన్నులు కట్టుడనియు, శిరస్త్రాణము ధరింపుడనియు ప్రభుత్వ శాఖలు వ్రాయించు గోడబొమ్మలు మొదటి తెఱగునకు చేరినవి. అవి యుపయుక్తములే. కాని వానిని చూచి సామాజిక కళ యంతయు అట్టిదేయని తలంచుట, రాజశాసనమును చదివి కావ్యమును నిందించుట వంటిది.

సిద్ధాంతము: కారకముల వలన పరీక్ష

సంస్కృత వ్యాకరణమున కారకములు ఆఱు: కర్త, కర్మ, కరణము, సంప్రదానము, అపాదానము, అధికరణము. క్రియను స్వతంత్రముగ చేయువాడు కర్త. ఎవనికొఱకై ఈయబడునో వాడు సంప్రదానము. ఎచ్చట జరుగునో అది యధికరణము. ఇందొక రహస్యము కలదు. కారకములు వస్తువులకు అంటుకొనియున్న గుణములు కావు. అవి వక్త యొక్క వివక్షననుసరించును. ‘కుండలో వండుచున్నాడు’ అనినప్పుడు కుండ అధికరణము. ‘కుండ వండుచున్నది’ అని చెప్పదలచినచో, ఆ కుండయే కర్త యగును.

ఇదియే లోకహిత కళకు లక్షణమని నా యభిప్రాయము. సామాన్య దృష్టిలో పేదవాడు, శ్రామికుడు, గ్రామీణుడు కళకు కర్మయై యుండును, అనగా వర్ణింపబడును; లేదా సంప్రదానమై యుండును, అనగా వానికొఱకు చేయబడును; లేదా వాని గోడ, వాని వీథి అధికరణముగా వాడబడును. ఏ కళవలన అట్టివాడు స్వతంత్రుడైన కర్తయగునో, అది లోకహిత కళ. ఏ కళ వానిని ఎల్లప్పుడును కర్మగనో సంప్రదానముగనో అధికరణముగనో నిలుపునో, అది యెంత సుందరమైనను, ఎంత సద్బుద్ధితో చేయబడినను, అలంకారమో దానమో యగును గాని యీ పేరునకు తగదు.

చరిత్రోదాహరణములు

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రథమముగా ప్రదర్శింపబడినది. కన్యలను అమ్ముట, వారి వైధవ్యము ఆ నాటకమునకు విషయములు. వ్యావహారిక భాషలో వ్రాయబడుటచే గ్రాంథికవాదులకు అది మ్రింగుడుపడలేదు. నేనును ఆ సంప్రదాయపు వాడనే. ఐనను ఒకటి యొప్పుకొనవలెను. మధురవాణి నోట గ్రాంథికము పలికించినచో, ఆమె నాటకమునకు కర్మగా మిగిలియుండెడిది. తన మాట తాను పలికినందున కర్త యైనది.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినది. బుర్రకథయందు నడుమ తంబురాతో కథకుడును, ఇరుప్రక్కల గుమ్మెటలతో ఇరువురు వంతలును నిలుతురు. ఒక వంత హాస్యము చెప్పును. రెండవ వంత రాజకీయము చెప్పును. చూడుడు: లోకవ్యవహారమును ప్రస్తావించుటకు ఈ కళారూపమునందే యొక స్థానము నిర్ణయింపబడి యున్నది. దానిని ఎవరును బయటనుండి తెచ్చి యతికింపలేదు. షేక్ నాజర్ ఈ రూపమును పరాకాష్ఠకు తెచ్చెను. 1986లో ఆయనకు పద్మశ్రీ లభించినది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు కలిసి రచించిన ‘మా భూమి’ నాటకము తెలంగాణ రైతుల పోరాటమును వస్తువుగా గొని యూరూర ఆడబడినది. మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించినది. నిషేధము కూడ ఒక విధమగు విమర్శయే. నిష్ప్రయోజనమైనదానిని ఎవరును నిషేధింపరు. 1972లో వెలసిన జననాట్యమండలియు, ఆ మండలి గాయకుడు గద్దరును (1949–2023) పాటను గ్రామీణుని పలుకుబడికి మఱింత సమీపమునకు తెచ్చిరి. ఆ రాజకీయ మార్గమును అంగీకరింపనివారు గూడ ఆ పాటల శబ్దశక్తిని కాదనజాలరు.

సంప్రదానము కర్తగా మారుట యెట్టిదో తెలియుటకు నెల్లూరు జిల్లా యుదంతము స్పష్టమైన యుదాహరణము. 1991లో ఆ జిల్లాయందు ‘అక్షరదీపము’ అను సంపూర్ణ సాక్షరతోద్యమము ఆరంభింపబడినది. కళాజాతలు గ్రామగ్రామమునకు పోయి పాటలు పాడి, నాటికలు ఆడి జనులను రాత్రిబడులకు రప్పించినవి. వాచకములందు ‘సీతమ్మ కథ’ యను పాఠముండెను. భర్త త్రాగుడుచే చితికిన స్త్రీ కథ యది. దూబగుంట గ్రామపు స్త్రీలు ఆ కథను తమ కథగా గుర్తించి, తమ యూరి సారా దుకాణమును మూయించిరి. వారిలో ప్రసిద్ధురాలు రోశమ్మ. 1992లో అది జిల్లా యంతట వ్యాపించినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధము అమలునకు వచ్చినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము విధింపబడి, 1997లో సడలింపబడినది. ఆ వాచకమును రచించినవారు సారాను మాన్పింపవలెనని యాజ్ఞాపింపలేదు. కథ చెప్పిరి, అక్షరములు నేర్పిరి. క్రియను నిర్ణయించినవారు స్త్రీలే. స్వతంత్రః కర్తయనగా నిదియే.

హైటెక్ సిటీ ప్రాంతమున

ఇక మనము బయలుదేరిన చోటికి వత్తము. సైబర్ టవర్సునకు ఆరేండ్ల ముందే, 1992లో, మాదాపురమున శిల్పారామము స్థాపింపబడినది. ఇది సుమారు 65 ఎకరముల యారామము. అందు గ్రామీణ మ్యూజియమను భాగమున మట్టియిండ్లు, కుమ్మరి, సాలె, కమ్మరి మొదలగువారి ప్రతిమలు నిలుపబడినవి. సంక్రాంతినాడు హరిదాసులును, గంగిరెద్దులవారును అచ్చట కనబడుదురు. ‘శిల్పారామము’ షష్ఠీతత్పురుష సమాసము: శిల్పముల యొక్క ఆరామము. నేను అడుగునది యొక్కటియే: శిల్పుల యొక్క ఆరామము కూడ నగుచున్నదా? సమాధానము రెండు తెఱగులు. దుకాణమున కూర్చుండి తాను నేసిన చీరను, తాను మలచిన బొమ్మను తానే యమ్ముకొను శిల్పి అచ్చట కర్త. మట్టి ప్రతిమగా నిలిచిన కుమ్మరి కర్మ. ఒకే ప్రాంగణమున రెండును కలవు. పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయుడు ప్రతిమవద్ద ఒక నిమిషము, శిల్పివద్ద అరగంట గడపినచో ఆ యారామము సార్థకమగును. మనలో చాలమంది దీనికి విపర్యయముగ చేయుచున్నాము.

గోడచిత్రముల విషయము చూతము. 2016లో నగరమున ఖైరతాబాదు సమీపముననున్న మక్తా బస్తీయందు స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వారు దేశ విదేశ చిత్రకారులచే ఇండ్ల గోడలపై మహాచిత్రములు వ్రాయించిరి. తరువాత ఇట్టి చిత్రములు పడమటి ప్రాంతపు వంతెనల క్రిందను, స్తంభములపైనను విరివిగా వెలసినవి. ఇచ్చట గోడ అధికరణము. ‘గోడపై చిత్రకారుడు వ్రాసినాడు’ అను వాక్యమున ఇంటివాడు లేడు. ‘గోడ పలుకుచున్నది’ అని యనగలిగిన దినమున, అనగా ఏమి వ్రాయవలెనో ఆ యింటివారు నిర్ణయించిన దినమున, అది సామాజిక కళ యగును. రంగులు రెంటను ఒకటియే. భేదమంతయు, సున్నము వేయకముందు ఎవరినడిగిరి అనుటలో నున్నది.

మూడవ యుదాహరణము నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది. అద్దాల మేడలకు కొలది దూరమున, శేరిలింగంపల్లిలో, సురభి నాటక కుటుంబములవారి కాలనీ యున్నది. పూర్వము తోలుబొమ్మలాడించిన యీ వంశమువారు 1885లో కడపమండలమందలి సురభి గ్రామమున కీచకవధ ప్రదర్శించి రంగస్థలమునకు వచ్చిరి. దానికి మూలపురుషుడు వనారస గోవిందరావు. స్త్రీపాత్రలను పురుషులే ధరించు కాలమున, తమ యింటి స్త్రీలను వేదికపై నిలిపిన కీర్తి వీరిది. 1937లో స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి నేటికిని నిలిచియున్నది. దానికి సారథ్యము వహించిన నాగేశ్వరరావు (బాబ్జీ) గారికి 2013లో పద్మశ్రీ లభించినది. మాయాబజారు, పాతాళభైరవి మొదలగు నాటకములందలి వారి తెరలును, తంత్రములును ఆహార్యాభినయమునకు నిదర్శనములు.

పౌరాణిక నాటకములాడువారికిని సామాజిక కళకును సంబంధమేమని కొందరడుగుదురు. గత శతాబ్ది చివరి దశాబ్దమున ప్రసిద్ధ రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్ సురభివారితో కలిసి పనిచేసి, ‘బస్తీ దేవత యాదమ్మ’ అను నాటకమును ఆడించెను. జర్మను నాటకకర్త బ్రెహ్ట్ రచించిన సెట్జువాన్ నగరపు సాధ్వి కథ దీనికి మూలము. లోకమున మంచివారు ఒక్కరైన కలరాయని దేవతలు వెదకుచు వత్తురు; ఒక పేదరాలు దొరకును; కాని మంచితనముతో బ్రదుకు గడువక, ఆమె కఠినుడైన బంధువుని వేషము తానే ధరింపవలసి వచ్చును. పేదరికమున మంచితనము సాధ్యమా యను ధర్మసందేహము అది. దేవతలు భూమికి దిగివచ్చుట సురభివారి తెరలకు నూఱేండ్ల యభ్యాసము. కావుననే పరదేశపు ప్రశ్న మన బస్తీ ప్రశ్నగా అవలీలగా మారినది. రూపము పాతదైనచో విషయము పాతదే కావలెనను నియమము లేదనుటకు ఇది సాక్ష్యము.

పాటను గూడ మరువరాదు. పాలమూరు సీమలో పుట్టిన గోరటి వెంకన్న, చేతివృత్తులు చితికి పల్లె దుఃఖించుటను పాడిన పాట 2002లో వచ్చిన ‘కుబుసం’ చిత్రము మూలమున తెలుగునాట వ్యాపించినది. 2021లో ఆయనకు సాహిత్య అకాడమి పురస్కారము వచ్చినది. సైబర్ టవర్సు వెలసిన కొలది యేండ్లకే ఆ పాట వ్యాపించుట గమనింపదగినది. మేడ యెట్లు లేచినదో వార్తాపత్రికలు చెప్పినవి. మేడ కట్టుటకు వచ్చినవాడు ఏమి విడిచి వచ్చెనో ఆ పాట చెప్పినది. వ్యాకరణ పరిభాషలో నది యపాదాన కారకము: ఎచ్చటనుండి వేఱుపడెనో ఆ స్థానము. నగరమును గూర్చిన వాక్యమున అపాదానమును పూరించినవాడు ఆ కవి.

ఆక్షేప పరిహారము

కర్తృత్వము జనులకు ఈయబడినచో కళ నాసిరకమగునని కొందరి భయము. శిక్షణ లేనివానిచేతికి వీణనిచ్చినట్లగునని వారందురు. నా యుత్తరమిది: సురభి బాలిక మాటలు నేర్చునాటికే రంగస్థలమున నిలుచును, బుర్రకథ వంత తాళము తప్పినచో కథకుడు క్షమింపడు. జనులకు శిక్షణ లేదనుట, వారి శిక్షణను మనము ఎఱుగమనుటయే. రెండవ భయము, కళ రాజకీయ పక్షములకు పనిముట్టగునని. ఇది నిజమైన భయము. పక్షము కళాకారుని కరణముగా, అనగా సాధనముగా వాడుకొనిన నిమిషమున, అతని స్వాతంత్ర్యము పోవును; మన లక్షణము ప్రకారమే అది లోకహిత కళ కాకపోవును. కావున ఈ లక్షణము పాలకునకును, ప్రతిపక్షికిని, ధనమిచ్చు వ్యాపార సంస్థకును సమముగనే వర్తించును.

ఉపసంహారము

పాఠశాల పండితులకు నా మనవి యొకటి. మన విద్యార్థులకు బుర్రకథ లక్షణమును పరీక్షకొఱకు కంఠస్థము చేయించుచున్నాము. దానికి మారుగా, వారి బస్తీలోని నీటి సంగతినో, వారి తల్లిదండ్రుల వలసనో వస్తువుగా గొని యొక బుర్రకథ కట్టుడని యడిగినచో, ఛందస్సును, కారకములును, లోకవ్యవహారమును ఒక్కసారి యలవడును. రాజకీయపు వంతకు ఏమి మాటలు పెట్టవలెనో వారికి మనము నేర్పనక్కఱలేదు.

ఆ బాలుని వ్యాసమును నేను దిద్దలేదు. రెండవ వాక్యమున కర్తయెవరో, కర్మయెవరో పూరించి మరల వ్రాసి తెమ్మంటిని. మఱునాడు వాడు నాలుగు పుటలు వ్రాసి తెచ్చినాడు. భాషాదోషములు పెక్కులు కలవు. తండ్రి యెన్నవ యంతస్తున ఏ పని చేసెనో, గుత్తేదారు కూలి యెన్ని వారములు నిలిపెనో, సమస్తమును కలదు. దానిని తరగతిలో చదివించితిని. ఇతర బాలురు, తమ తండ్రులు కట్టిన మేడల పేర్లు చెప్పసాగిరి. ఆ దినమున పాఠము సాగలేదు. పాఠము సాగలేదనుట సరియో, అదియే పాఠమనుట సరియో విద్వాంసులు నిర్ణయింతురు గాక.